పచ్చనివన్నీ పుష్యరాగాలు కావు

మన ఆర్మూర్ దిక్కు పసుపు కొమ్ము విరిచి, లోపలి రంగు చూసి గానీ ధర కట్టరు. మరి ఉంగరపు రాయిని విరవలేం కదా! గురుబలం కోసం కనకపుష్యరాగమని కొన్నది పసుపు బెరిల్ కూడా కావచ్చు. దీన్నే హీలియోడార్ అంటారు. గ్రీకులో ‘సూర్యుడి కానుక’ అని అర్థం.

ఇది మరకతానికి చెల్లెలు. రెండూ బెరీలియం, అల్యూమినియం కలిసిన సిలికేట్లే. మరకతానికి ఆకుపచ్చ క్రోమియం, వనేడియంల వల్ల వస్తే, దీని పసుపు ఇనుము పుణ్యం. వేడి చేస్తే నీలి ఆక్వామెరీన్‌లా మారొచ్చు. కాఠిన్యం 7.5–8, నగలకు బాగానే పనికొస్తుంది. కాకపోతే పుష్యరాగానికి 9.

తేడా తెలియాలంటే ఆర్కిమెడిస్ ఉన్నాడుగా! పొదగకముందే రాయిని గాల్లో, నీళ్లలో తూచండి. గాల్లో బరువును, నీళ్లలో తగ్గిన బరువుతో భాగించండి. పుష్యరాగమైతే 4 దగ్గర వస్తుంది. 2.7 దగ్గర ఆగిందా, పసుపు అమ్మిన పైసలు జేబులోనే ఉంచుకోండి.