మణిచిత్రత్తాళు, దాని పునర్నిర్మాణములు: భయానకమున పొరుగుభాష

ఒక భాషయందు ప్రసిద్ధికెక్కిన చలనచిత్రమును వేరొక భాషయందు మరల నిర్మించినప్పుడు, అది మూలమునకు సాటివచ్చునా, రాదా యను ప్రశ్న సహజముగ పుట్టును. లోకవ్యవహారమున ఇట్టి చిత్రమును రీమేకు అందురు. ఈ ప్రశ్న తెలుగువారికి క్రొత్తది కాదు. మన కావ్యచరిత్రము సంస్కృతభారతమును నన్నయ తెలుగు చేయుటతోనే ఆరంభమగుచున్నది. మూలమున నున్నదానిని వదలుటకును, లేనిదానిని చేర్చుటకును అనువాదకునకు గల స్వాతంత్ర్యమెంత యను విచారము మన విమర్శయందు చిరకాలముగ నున్నది. అయినను భయానకరసప్రధానములగు చిత్రముల విషయమున ఒక విశేషము కలదు. కరుణకథ తెలిసిన పిమ్మటను కన్నీరు తెప్పించును. భయము కథ తెలిసినంతనే సగము సడలిపోవును. కావున అట్టి చిత్రమును మరల నిర్మించువాడు మూలమున భయము ఎచ్చట పుట్టుచున్నదో మొదట కనుగొనవలెను; పిదప దానిని తన ప్రేక్షకుల హృదయమున మరల పుట్టింపవలెను. ఈ రెండు పనులును ఎట్లు జరిగినవో ఒక్క కథను ఆధారముగ గొని ఈ వ్యాసమున పరిశీలింతము.

ఆ కథ 1993 డిసెంబరులో వెలువడిన మలయాళచిత్రము 'మణిచిత్రత్తాళు'నందలిది. దర్శకుడు ఫాజిల్, రచయిత మధు ముట్టం. అందమైన పనితనము గల తాళమని ఆ పేరునకు స్థూలముగ అర్థము. నకులన్, గంగ అను దంపతులు కేరళమునందలి తమ పూర్వుల భవనమున నివసింప వత్తురు. ఆ ఇంటి దక్షిణభాగమున ఒక గది చిరకాలముగ మూయబడియున్నది. పూర్వమొకప్పుడు ఇంటిపెద్దయగు శంకరన్ తంపి, తంజావూరినుండి నాగవల్లి యను నాట్యకత్తెను తెచ్చి నిర్బంధించెననియు, ఆమె రామనాథుడను నర్తకుని ప్రేమించుటచే ఆమెను చంపెననియు, ఆమె ఆత్మ ఆ గదియందున్నదనియు ఊరివారు చెప్పుకొందురు. గంగ ఆ గదిని తెరపించును. అటుపిమ్మట ఇంట వింతలు జరుగును. నకులుని మిత్రుడగు సన్నీ యను మానసికవైద్యుడు వచ్చి, ఆ వింతలకు కారణము దయ్యము కాదనియు, బాల్యమున తల్లిదండ్రులకు దూరమై పెరిగిన గంగ మనోవ్యాధియే యనియు కనిపెట్టును. గంగ పాత్రను ధరించిన శోభనకు ఉత్తమనటిగా జాతీయపురస్కారము లభించినది.

ఈ చిత్రమున భయమెచ్చట పుట్టుచున్నది? వికృతధ్వనులు, శూన్యగృహములు, భూతాదిదర్శనము భయానకమునకు విభావములని భరతుడు నాట్యశాస్త్రమున చెప్పియున్నాడు. ఇవన్నియు ఇందు కలవు. కాని ఇట్టివి ప్రతి దయ్యపుకథయందును కలవు. ఈ చిత్రమునకు ప్రత్యేకమైనది వేరొకటి. గంగ మలయాళమున మాటలాడుచుండును. భర్త ఆమెను బయటికి పోవలదని వారించిన ఘట్టమున, ఆమె కన్నులు మారును, గొంతు మారును, తుదకు భాషయే మారును. ఆమె తమిళమున గర్జించును. ఆ రెండు భాషలకును గాత్రదానము చేసినవారు సైతము ఇరువురు: గంగ మాటలకు భాగ్యలక్ష్మి, నాగవల్లి మాటలకు తమిళమెరిగిన దుర్గ. ఒక్క నోట రెండు గొంతులు, రెండు భాషలు.

తమిళము మలయాళీలకు బొత్తిగ తెలియని భాష కాదు. అది సోదరభాష, సగము తెలియును, సగము తెలియదు. బొత్తిగ తెలియని భాషయైనచో అది అర్థములేని ధ్వనిగ తోచును. పూర్తిగ తెలిసినచో వింత యుండదు. తెలిసినట్లే యుండి తెలియకపోవుటయే ఇందలి భయమునకు మూలము. మన ఇంటి ఇల్లాలు పొరుగువారి మాటలాడినప్పుడు ఆమె మనదో, పరాయిదో తోచదు.

పునర్నిర్మాతలు ఈ మర్మమును గ్రహించిరా? పి. వాసు 2004లో కన్నడమున 'ఆప్తమిత్ర'ను, 2005లో తమిళమున 'చంద్రముఖి'ని తీసెను. తమిళచిత్రమున నాట్యకత్తె తమిళురాలే యైనచో వింత యేమియు నుండదు. కావున ఆమెను ఆంధ్రదేశమునకు చెందినదానిగ మార్చిరి. కన్నడమునను అట్లే చేసిరి. ఆ రెండు చిత్రములందును ఆమె నోట వచ్చునది తెలుగు. మలయాళమునకు తమిళమెట్లో తమిళకన్నడములకు తెలుగు అట్లు పొరుగుభాషయైనది. 2007లో ప్రియదర్శన్ హిందీయందు 'భూల్ భులయ్యా' తీసినప్పుడు ఆమె మంజులిక యను వంగదేశపు నాట్యకత్తె యైనది. ఈతడు మూలచిత్రమునందలి కొన్ని భాగముల చిత్రీకరణమున ఫాజిలునకు తోడ్పడినవాడే. ఇట్లు దేశము మారినది, పేరు మారినది, భాష మారినది. ఆ భాషకును ఇంటివారి భాషకును గల దూరము మాత్రము మారలేదు. మూలము పట్ల నిజమైన విశ్వాసపాత్రత ఇట్టిదే.

ఈ మార్పునకు చరిత్రయందును ఆధారము కలదు. తంజావూరు నాయకరాజుల ఆస్థానమున తెలుగు సాహిత్యభాషగ వెలసినది. తరువాతి మరాఠారాజుల కాలమునను అచ్చట తెలుగునకు ఆదరము తగ్గలేదు. తమిళదేశపు నాట్యకత్తెలు తెలుగు పదములకు అభినయము పట్టిరి. తంజావూరు నాట్యాచార్యులగు నలుగురు సోదరులలో ఒకడైన వడివేలు తిరువాన్కూరులో స్వాతితిరునాళ్ ఆస్థానమున నుండెను. తంజావూరినుండి కేరళమునకు నాట్యకత్తె వచ్చుటగాని, తమిళనాట తెలుగు పదమునకు ఒకతె ఆడుటగాని చరిత్రకు విరుద్ధములు కావు. కల్పితకథకు ఈ పొసగుబాటు బలము నిచ్చినది.

ఇక తెలుగు మాట. ఈ కథకు తెలుగున పునర్నిర్మాణము రాలేదు. 'చంద్రముఖి'యే డబ్బింగు రూపమున వచ్చినది. 2010లో వచ్చిన 'నాగవల్లి' కథకు కొనసాగింపు మాత్రమే. డబ్బింగు చేయువారికి విచిత్రమైన చిక్కు ఎదురైనది. తమిళచిత్రమున నాట్యకత్తె పాట తెలుగున నున్నది. దానిని అట్లే యుంచినచో, అందరును తెలుగే మాటలాడు చిత్రమున ఆమెకు ప్రత్యేకత యేమి మిగులును? వారు ఆ పాటను తమిళమున వినిపించిరి. తమిళులకు తెలుగున పాడిన నాట్యకత్తె తెలుగువారికి తమిళమున పాడినది. డబ్బింగును కళగ నెంచని విమర్శకులు గమనింపదగిన ఘట్టమిది.

పునర్నిర్మాణములందు పోయినదియు కలదు. మూలమున వైద్యుడు కథ చాలదూరము నడచిన పిమ్మట ప్రవేశించును. అంతవరకు ప్రేక్షకునకు అండ లేదు. 'చంద్రముఖి'లో రజనీకాంత్ తొలినుండియు పోరాటములతో, పాటలతో కనిపించును. అట్టి నాయకుడు చెంతనుండగా భయపడువారెవరు? మూలమున లేని పాము కన్నడతమిళములందు వచ్చి చేరినది. పాము కలిగించు భయము కంటికి సంబంధించినది. మనస్సున సందేహము కలిగించునది కాదు. ప్రాణమువంటి దూరమును కాపాడినవారే, నిలుకడను కోలుపోయిరి. వినోదమున ఆ చిత్రములు ఎవరికిని తీసిపోకపోవచ్చును. భయానకమున మాత్రము మూలమే మిన్న.

తుదకు ఒక్క విషయము. ఈ కథయందు పాపము చేసినవాడు ఇంటిపెద్ద. దిక్కులేక చచ్చినది పొరుగుదేశపు ఆడుది. కాని మనము భయపడునది అతనిని చూచి కాదు, ఆమె మాట విని. మన మాట పొరుగుతెరపై దయ్యపుమాట యైనదని తెలుగువారు నొచ్చుకొనవచ్చును. మన తెరపై ఆ స్థానమున తమిళము నిలిచినదని ఎరిగినచో ఆ నొప్పి చల్లారును. ఏ భాషయందును భయము లేదు. ఇంట చోటులేనివారి నోట వినబడినప్పుడే భాష భయంకరమగును. ఈ చిత్రములను వరుసగ చూచినవారికి ఆ సంగతి ఏ ఒక్క చిత్రమును చూచినవారికంటె స్పష్టముగ తెలియును. మూలమును, పునర్నిర్మాణములను కలిపి చదువుటవలన కలుగు ప్రయోజనము ఇదియే.