ఈసారి కప్పు మనదే!

ఆఖరిసారి గెలిచింది 1967లో. ఆ ఏడాది పుట్టిన పిల్లలకు ఇప్పుడు మనవలు ఉండే వయసు. అయినా టొరంటో మేపుల్ లీఫ్స్ అభిమానుల్లో ఆశ చావలేదు. కొత్త సీజన్ మొదలవుతోందంటే చాలు... పెట్టెలోని నీలం చొక్కా బయటికొస్తుంది!

హాకీ అనగానే మనకు ధ్యాన్‌చంద్ గుర్తొస్తాడు. కెనడాలో మాత్రం హాకీ అంటే మంచు మీద ఆటే. కాళ్లకు స్కేట్లు, చేతిలో కర్ర, బంతికి బదులు 'పక్' అనే నల్లటి రబ్బరు బిళ్ల. చలికాలంలో పెరట్లో నీళ్లు పోసి, అవి గడ్డకట్టాక పిల్లల్ని ఆడించే తండ్రులున్న దేశమది. అమెరికా, కెనడా జట్లు కలిసి ఆడే పెద్ద పోటీ ఎన్‌హెచ్‌ఎల్. అందులో గెలిచినవాళ్లకు దక్కేది స్టాన్లీ కప్. గవర్నర్ జనరల్‌గా ఉన్న లార్డ్ స్టాన్లీ 1892లో బహూకరించిన కప్పు అది. గెలిచిన ఆటగాళ్ల పేర్లు దానిమీద చెక్కుతారు. అంతేకాదు, ఒక్కో ఆటగాడూ ఆ కప్పును ఒకరోజు సొంతూరికి తీసుకెళ్లి నలుగురికీ చూపించుకోవచ్చు.

ఆ ముచ్చట టొరంటోకు తీరి దశాబ్దాలైంది.

ముసలి జట్టు గెలిచిన వేళ

1967 మే 2. కెనడా దేశం వందేళ్ల పండగ చేసుకుంటున్న ఏడాది. ఫైనల్లో ప్రత్యర్థి మాంట్రియల్. లీఫ్స్‌ను చూసి 'వీళ్లేం గెలుస్తారు' అనుకున్నవాళ్లే ఎక్కువ. మరి గోల్‌కీపర్లలో జానీ బోవర్‌కు 42 ఏళ్లు, టెర్రీ సాచుక్‌కు 37! కెప్టెన్ జార్జ్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు 36. అయినా ఆ రోజు 3-1తో గెలిచి, సిరీస్‌ను 4-2తో ముగించి కప్పు ఎత్తుకున్నారు. అప్పట్లో లీగ్‌లో ఉన్నవి ఆరే జట్లు. ఆ తర్వాతి సీజన్‌కే పన్నెండయ్యాయి. ఇప్పుడు 32. పోటీ పెరిగింది, లీఫ్స్ మాత్రం 2025 వరకూ మళ్లీ ఫైనల్ గడప కూడా తొక్కలేదు.

చేతిదాకా వచ్చి...

ఎప్పుడూ ఓడిపోయే జట్టయితే జనం ఎప్పుడో వదిలేసేవారు. లీఫ్స్ తీరు అది కాదు. ఊరించి మరీ ఏడిపిస్తుంది. 2013లో బోస్టన్‌తో ఏడో మ్యాచ్. చివరి పీరియడ్‌లో 4-1 ఆధిక్యం. ఇంకేం, గెలిచేశామనుకున్నారు. ఆఖరి ఒకటిన్నర నిమిషంలోనే రెండు గోల్స్ పడి స్కోరు సమమైంది. అదనపు సమయంలో ఓటమి! 2021లో మాంట్రియల్ మీద 3-1తో ముందుండి కూడా సిరీస్ చేజార్చుకున్నారు. 2004 తర్వాత ప్లేఆఫ్స్‌లో ఒక్క సిరీస్ గెలవడానికి 2023 దాకా ఆగాల్సి వచ్చింది. 2024లో ఆస్టన్ మాథ్యూస్ 69 గోల్స్‌తో సీజన్‌లో అందరికన్నా ముందు నిలిచాడు. అయినా తొలి రౌండ్లోనే ఇంటిముఖం. 2025లో రెండో రౌండ్ ఏడో మ్యాచ్‌లో సొంతగడ్డపైనే ఫ్లోరిడా చేతిలో 6-1తో చిత్తు.

ఇంత జరిగినా స్టేడియం నిండుతూనే ఉంటుంది. 'ఓడినా టికెట్లు అమ్ముడవుతుంటే యాజమాన్యానికి గెలవాలన్న కసి ఎందుకుంటుంది?' అని విసుక్కునే అభిమానులూ ఉన్నారు. ఆ విసుక్కున్నవాళ్లే శనివారం రాత్రి మళ్లీ టీవీ ముందు కూర్చుంటారు!

పదకొండేళ్ల కథ

వాళ్ల ఓపికకు ఒక పాత కథ ఊపిరి పోస్తుంటుంది. 1951 ఏప్రిల్‌లో ఫైనల్ అదనపు సమయంలో బిల్ బారిల్కో కొట్టిన గోల్‌తో లీఫ్స్‌కు కప్పు దక్కింది. ఆ ఆగస్టులో చేపలవేటకు వెళ్లి వస్తుండగా అతడి చిన్న విమానం ఒంటారియో ఉత్తరాన అడవుల్లో గల్లంతయింది. ఆ తర్వాత ఏళ్లూపూళ్లూ గడిచినా లీఫ్స్‌కు కప్పు రాలేదు. చివరికి 1962 ఏప్రిల్‌లో గెలిచారు. ఆ జూన్‌లోనే విమాన శకలాలు, బారిల్కో అవశేషాలు దొరికాయి! ఆ పదకొండేళ్లు ఎదురుచూసినవాళ్లకు కప్పు మళ్లీ వచ్చింది... తమకూ వస్తుందని ఇప్పటి అభిమానుల నమ్మకం.

మనవాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు. ఐపీఎల్‌లో బెంగళూరు అభిమానులు 'ఈసారి కప్పు మనదే' అంటూ పద్దెనిమిది సీజన్లు గడిపి, 2025లో ఆ మాట నిజం చేసుకున్నారు. ఈ పోలిక టొరంటో చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాలకు బాగా తెలుసు. తండ్రి క్రికెట్ పిచ్చితో వస్తే, అక్కడి బడిలో చదివే కొడుకు నీలం చొక్కా కొనిపెట్టమంటాడు.

అసలు తొందర పెద్దవాళ్లది. 1967 గెలుపును కళ్లారా చూసిన తరం రానురాను తగ్గిపోతోంది. తాను చూసింది మనవడితో కలిసి మరోసారి చూడాలన్నది తాతల కోరిక. అసలు చూడనే లేదే అన్నది తండ్రుల బాధ. పిల్లలకు అవేమీ పట్టవు. సీజన్ మొదటిరోజు పాయింట్ల పట్టికలో అన్ని జట్లకూ ఉండేది సున్నాయే. ఆ పట్టిక చూసి వాళ్లు ధీమాగా అనేస్తారు...

'ఈసారి మనమే తాతయ్యా!'

తాత కాదనడు. పెట్టె తీసి, తన చొక్కా కూడా బయట పెడతాడు.