చెడీ చెడని యంత్రము

పూర్తిగా చెడిన వస్తువుతో మనుష్యునకు పెద్ద చిక్కు లేదు. దానిని పక్కకు నెట్టి మరియొకటి తెచ్చుకొనును. చిక్కంతయు చెడీ చెడని వస్తువుతోనే. బాగుచేయువాడు వచ్చినంతసేపు చక్కగా నడచి, అతడు వీధిమలుపు తిరిగినంతనే మొరాయించు గడియారమును ఎరుగని ఇల్లుండదు. నేడు కార్యాలయములను, ఆస్పత్రులను, బ్యాంకులను, కళాశాలలను సరిగా అట్లే వేధించు యంత్రమొకటి కలదు. దానినే నెట్‌వర్క్ స్విచ్చి అందురు.

స్విచ్చి అనగానే గోడమీది దీపపు మీట తలపునకు వచ్చును. ఇది అది కాదు. ఎవరును తొంగిచూడని గదిలో, ఇనుప చట్రమునందు, చిన్న పచ్చదీపములను మిణుకుమనిపించుచు కూర్చుండు పెట్టె ఇది. దీని ఉద్యోగము తపాలా కచేరిలో ఉత్తరములు వేరుచేయు గుమాస్తా ఉద్యోగమే. కంప్యూటరు కంప్యూటరునకు పుట్టుకతో వచ్చిన విలాసమొకటి యుండును. ఏ విలాసమువారు ఏ ద్వారమునుండి వచ్చిరో స్విచ్చి గుర్తుంచుకొని, వారికి వచ్చిన సమాచారమును ఆ ద్వారమునకే పంపును. తెలియని విలాసమైనచో తక్కిన ద్వారములన్నింటికిని ఒక్కొక్క ప్రతి పంపును. ఈ మర్యాదయే ఒక్కొక్కప్పుడు ప్రాణాంతకమగును.

చుట్టుదారి, చెట్టు

ఒక తీగ తెగినను పని ఆగకుండుటకు రెండు స్విచ్చిల నడుమ రెండు దారులు వేయుట ముందుచూపు గలవారి పద్ధతి. కాని రెండు దారులు కలిసినచోట చుట్టుదారి ఏర్పడును. అందరికిని ఉద్దేశించి పంపిన సమాచారము ఒకటి ఆ చుట్టులో పడెనా, తిరిగి తిరిగి వచ్చి, వచ్చిన ప్రతిసారి కొత్త ప్రతులను పుట్టించును. ఈథర్‌నెట్టు ఉత్తరమునకు ఆయుఃపరిమితి లేదు. ఊరిలో పుట్టిన వదంతి పుట్టించినవాని చెవికే కొత్తవార్తయై తిరిగివచ్చినట్లు, కొద్ది క్షణములలో తీగలన్నియు ఆ ఒక్కమాటతోనే నిండిపోవును. అసలు పనికి చోటుండదు.

దీనికి విరుగుడు కనిపెట్టినది రేడియా పెర్ల్‌మన్ అను విదుషి. ఆమె అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషనునందు పనిచేయుచు 1985లో ఈ పద్ధతిని రూపొందించినది. చెట్టునందు ఒక కొమ్మనుండి మరియొక కొమ్మకు దారి ఒక్కటే యుండును. అట్లే స్విచ్చిలు తమలో తాము సంప్రదించుకొని, ఉన్న దారులలో చెట్టువంటి అమరికనిచ్చు వానిని మాత్రము తెరచి, తక్కినవానిని మూసియుంచును. తెరచినది తెగినచో మూసినది తెరచును. స్పానింగ్ ట్రీ అను పేరుగల ఈ పద్ధతికి ఒక హద్దు కలదు. ఈ కొసనుండి ఆ కొసకు నడుమ ఏడు స్విచ్చిలకు మించకుండుట మేలని ప్రమాణగ్రంథములు చెప్పుచున్నవి. హద్దును దాటినవెంటనే ఏ గంటయు మ్రోగదు. కష్టకాలము వచ్చువరకు అది నివురుగప్పిన నిప్పు.

కాగితమే దిక్కయిన దినములు

ఆ నిప్పు బోస్టను నగరమున బయటపడినది. హార్వర్డు విశ్వవిద్యాలయమునకు బోధనాస్పత్రులలో ఒకటియైన బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ వైద్యకేంద్రము 1996లో రెండు ఆస్పత్రుల కలయికచే ఏర్పడినది. నెట్‌వర్కు కూడ అతుకుమీద అతుకుగా పెరిగినది. 2002 నవంబరు 13వ తేదీ బుధవారమునాడు, పరిశోధకులొకరు వాడుచున్న సాఫ్ట్‌వేరునుండి విస్తారమైన సమాచారము ఒక్కుమ్మడిగా తీగలపై పడినది. అది నిప్పురవ్వ మాత్రమే. ఎండుగడ్డి అంతకు మునుపే పేరియుండెను. స్విచ్చిలు ఒకదానితో ఒకటి సంప్రదించుకొనజాలక చెట్టు చెదరినది, చుట్టుదారులు తెరచుకొన్నవి.

నిపుణులు ఒకచోట సరిచేయగా చిక్కు మరియొకచోట తలయెత్తెను. రాత్రివేళ కుదుటపడినట్లు తోచినది పగటి రద్దీ మొదలుకాగానే మరల కూలెను. తుదకు ఆస్పత్రి అధికారులు కఠిననిర్ణయము చేసిరి. ఊగిసలాడు నెట్‌వర్కుకంటె నెట్‌వర్కు లేకుండుటయే మేలని, కాగితమునకు మరలిరి. రక్తపరీక్షల ఫలితములను మనుష్యులు చేతబట్టుకొని వార్డులకు పరుగెత్తిరి. కొన్ని గంటలపాటు అత్యవసర విభాగమునకు అంబులెన్సులు రాకుండ మరలింపవలసివచ్చినది. మందుల చీటీని చేతితో వ్రాసి యెరుగని యువవైద్యులకు పెద్దవైద్యులు దగ్గర నిలిచి నేర్పిరి. సిస్కో సంస్థ తన నిపుణులను, కొత్త పరికరములను హుటాహుటిని పంపినది. 18వ తేదీ సోమవారమునకుగాని పని యథాస్థితికి రాలేదు.

అప్పుడు ఆ ఆస్పత్రి సమాచార విభాగమునకు అధిపతి జాన్ హలాంకా అను వైద్యుడు. అతడు ఈ వృత్తాంతమును దాచలేదు. పత్రికలవారికిని, తోటి ఆస్పత్రులకును జరిగినది జరిగినట్లు చెప్పి, తమ పొరపాట్లను ఒక్కొక్కటిగ లెక్కించి చూపెను. నెట్‌వర్కు మర్మమంతయు ఒక్కని తలలో ఉండనిచ్చుట, బయటి నిపుణులను పిలుచుటకు వెనుకాడుట అందు ముఖ్యమైనవి. ఆ లెక్క నేటికిని ఎందరికో పాఠమై నిలిచినది.

ఆపి మరల వేసి చూచితిరా?

ప్రతి సంస్థకును అట్టి పరుగు లభింపదు. చిన్న కార్యాలయమున స్విచ్చి దినమునకు రెండుమార్లు అయిదేసి నిమిషములు నిద్రించును. ఫోను చేసినచో అమ్మినవారి సహాయకేంద్రమునుండి వచ్చు మొదటి ప్రశ్న ఒక్కటే: “ఆపి మరల వేసి చూచితిరా?” ఈ ప్రశ్న మూఢమైనది కాదు. చిల్లర లోపములు అనేకము దానితోనే పోవును. అయినను పలు స్విచ్చిలు తమ దినచర్యను తాత్కాలిక స్మృతియందే వ్రాసికొనును. ఆపినంతనే లోపముతోపాటు దాని సాక్ష్యమును చెరిగిపోవును. మరునాడు లోపము వచ్చును, సాక్ష్యము రాదు.

రెండవ సలహా కొత్త సాఫ్ట్‌వేరు వేయుమని. మూడవది, తీగలు తమవి కావు గనుక తీగలవారిని అడుగుమని. తీగలవాడు స్విచ్చిని చూపును. ఈలోగా సహాయకేంద్రమున మనిషి మారును. కథ మరల మొదటినుండి చెప్పవలెను. అమ్మునాటి ఆదరము తలచుకొన్న గుమాస్తాకు ఏరు దాటి తెప్ప తగులబెట్టిన సామెత గుర్తుకు వచ్చుటలో వింత లేదు.

న్యాయము చెప్పవలెనన్న, ఫోనునకు ఆవల కూర్చున్నవాని కష్టము కూడ తక్కువది కాదు. “అప్పుడప్పుడు పనిచేయుటలేదు” అను ఒక్కమాటతో వేయిమైళ్ల దూరమునుండి రోగము చెప్పగల ధన్వంతరి ఎవడు? తీగకు ఒకవైపు యంత్రము ఒకేమారు పంపుచు పుచ్చుకొనుచు ఉండగా, రెండవవైపు యంత్రము వంతులవారీగ నడచుటకు అమరియున్నదనుకొందము. చిన్న పరీక్షలన్నియు నెగ్గును. పెద్ద దస్త్రము పంపినపుడు మాత్రము నత్తనడక పట్టును. రెండు యంత్రములును మంచివే. వాని పొత్తు చెడినది. దీనిని పట్టుటకు ద్వారముకొక తప్పులలెక్క చూడవలెనేగాని పెట్టెను నిందించి ఫలము లేదు.

అందుచే అనుభవజ్ఞుల మార్గము నెమ్మదియైనది. లోపము వచ్చిన వేళను, ద్వారమును, అంతకుముందు జరిగిన మార్పును పుస్తకమున వ్రాసికొందురు. స్విచ్చి దినచర్యను వేరొక కంప్యూటరునకు పంపి భద్రపరతురు. ముందు తీగ, పిదప ద్వారము, ఆపైన పెట్టె. ఒకమారు ఒక్కటే మార్చి చూతురు. రెండింటిని ఒక్కమారు మార్చినవానికి జబ్బు కుదిరినను, ఏ మందుకు కుదిరెనో తెలియదు.

గడియారము నిలిచిన కథ

ఎంత నెమ్మదిగ వెదకినను వాడుకరికి దొరకని లోపములును కలవు. 2017 ఫిబ్రవరిలో సిస్కో సంస్థ ఒక ప్రకటన చేసినది. తన స్విచ్చిలు, రౌటర్లు మున్నగువానిలో కొన్నింటియందు కాలసంకేతమునిచ్చు భాగమొకటి సుమారు 18 నెలలు నడచిన పిమ్మట చెడవచ్చుననియు, చెడినచో పెట్టె ఇక లేవదనియు దాని సారము. నిన్నటివరకు చక్కగ నడచిన పెట్టె ముందుగ ఏ లక్షణమును చూపకయే మూగవోవచ్చును. అట్టిదానిని “ఆపి మరల వేయుడు” అనుటయే కడసారి ఆజ్ఞ కావచ్చును.

సిస్కో సంస్థ లోపమును ఒప్పుకొన్నది. 2016 నవంబరు 16 నాటికి గ్యారంటీగాని సేవా ఒప్పందముగాని అమలులోనున్న సరుకులకు మారుసరుకు ఇత్తుమన్నది. కాని ఆ భాగము ఎవరు చేసినదో చెప్పలేదు. ఇంటెల్ సంస్థ తన ఆటమ్ సీ2000 చిప్పు దోషపట్టికలో అటువంటి లోపమునే ఆ జనవరిలో చేర్చియుండుటచే, పత్రికలు రెండింటిని జోడించి చూపినవి. ఒప్పందము గడువు తీరిన చిన్న సంస్థవాడు మాత్రము తన పెట్టె ఏల చచ్చినదో, ఎవరిని అడుగవలెనో తెలియక నిలిచెను.

ఈ రెండు కథలను పక్కపక్కన నిలిపి చూచినచో విషయము తేటపడును. యంత్రము చెడుట నేరము కాదు. మనుష్యుడు చేసిన ప్రతి వస్తువును ఏనాటికో చెడును. తన తప్పును తాను లెక్కించి చెప్పిన ఆస్పత్రి ఇతరుల కష్టమును తగ్గించినది. చాటున నిలిచిన పేరు ఎందరిచేతనో చీకటిలో వెదకించినది. కొన్నవాడు దాచక వ్రాసిపెట్టుకొనవలెను. అమ్మినవాడు తెలిసినది దాచక చెప్పవలెను. ఆ రెండును ఉన్నచోట చెడీ చెడని యంత్రము ఎంతోకాలము దాగియుండలేదు. ఏ ఒక్కటి లోపించినను, ఆ చీకటిగదిలో పచ్చదీపములు మిణుకుమిణుకుమనుచునే యుండును. వార్డులో రోగి మాత్రము తన పరీక్షాఫలితమునకై ఎదురుచూచుచుండును.