‘చెక్’ వెనుక చదరంగం

అమెరికాలో మనం రోజూ వాడే మాట ‘చెక్’. బ్యాంకులో వేసేది చెక్కు, హోటల్లో తెచ్చే బిల్లూ చెక్కే, గళ్ళ చొక్కా చెక్స్, సరిచూడడమూ చెక్ చేయడమే! ఇన్నింటికీ మూలం చదరంగమని తెలిసి నాకు ఆశ్చర్యం వేసింది.

పారశీకంలో ‘షా’ అంటే రాజు. ఆటలో రాజుకు ముప్పొస్తే ‘షా’ అని హెచ్చరించేవారు. అదే అరబ్బీ, ఫ్రెంచి భాషల మీదుగా ఇంగ్లీషులో ‘చెక్’ అయింది. రాజును నిలవరించడం నుంచి అడ్డుకోవడం, అందులోంచి సరిచూడడం అనే అర్థాలు వచ్చాయి. 18వ శతాబ్దంలో మోసాలు జరగకుండా సరిచూసుకునే కౌంటర్‌ఫాయిల్‌కు ఆ పేరు పెట్టారు; తర్వాత బ్యాంకు కాగితానికే అది స్థిరపడింది. చొక్కా గళ్ళు చదరంగపు గళ్ళే.

ఆ ఆట పారశీకులకు మన దేశం నుంచే వెళ్ళింది. వారి ‘చత్రంగ్’, మన ‘చదరంగం’ రెండూ సంస్కృత ‘చతురంగ’ బిడ్డలే.

తెలుగు మాకెందుకనే పిల్లలకు ఈ సంగతి చెప్పి చూడండి. వాళ్ళ నోటి ఇంగ్లీషులోనే మన తాతల ఆట దాగి ఉంది.