ముందు ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూడండి: సెకండ్ హ్యాండ్ అడ్వెంచర్ బైక్ కొనేవాళ్ల కోసం

‘సింగిల్ ఓనర్, షోరూమ్ కండిషన్, ఒక్క రూపాయి ఖర్చు లేదు, అర్జెంట్ సేల్.’ పోయిన అక్టోబర్‌లో ఈ నాలుగు ముక్కలు చదివి నేను ఐదు వేలు పోగొట్టుకున్నా.

బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, 2019 మోడల్. ఫొటోల్లో తళతళలాడిపోతోంది. ‘ఇంకో ఇద్దరు చూడ్డానికి వస్తున్నారు బ్రో, టోకెన్ వేస్తే మీ కోసం ఆపుతా’ అన్నాడు ఫోన్‌లో. రెండేళ్లుగా దాచిన లక్షా ముప్పై ఐదు వేలు అకౌంట్‌లో ఉన్నాయి, డిసెంబర్‌లో లీవ్ కూడా అప్రూవ్ అయిపోయింది. ఇంకేం ఆలోచిస్తాం? ఆఫీసులో కూర్చునే ఐదు వేలు కొట్టేశా.

ఆదివారం పొద్దున మా మెకానిక్ అన్నని వెంటబెట్టుకుని ఎల్బీనగర్‌లో వాళ్ల అపార్ట్‌మెంట్ సెల్లార్‌కి వెళ్లా. అన్న బండి చుట్టూ తిరగలేదు, పెయింట్ చూడలేదు. వంగి ఇంజిన్ పక్కన అరచెయ్యి పెట్టి, ఠక్కున తీసేశాడు. ‘వేడిగుందన్నా’ అన్నాడు నాతో. ‘ఇప్పుడే పెట్రోల్ కొట్టించుకొచ్చా’ అన్నాడు అమ్మే అతను. ట్యాంక్ మూత తీస్తే పెట్రోల్ అడుగున ఎక్కడో ఉంది.

తర్వాత పది నిమిషాల్లో ఇంకో రెండు విషయాలు బయటపడ్డాయి. హ్యాండిల్‌ని మెల్లగా తిప్పుతుంటే సరిగ్గా మధ్యలోకి రాగానే ‘టక్’ మని ఆగుతోంది. ట్యాంక్ కింద, హ్యాండిల్ కాడ ఛాసిస్‌లోకి దూరే చోట మాత్రం పెయింట్ కొత్తగా, కొంచెం వేరే నలుపులో ఉంది. అన్న లేచి ప్యాంట్ దులుపుకున్నాడు. ‘పడ్డదన్నా. ఆగినప్పుడు పడలే, ఉరుకుతుంటే పడ్డది. ఒద్దు.’

టోకెన్ తిరిగి రాలేదు. మిగతా లక్షా ముప్పై వేలు మిగిలాయి. ఆ రోజు నుంచి రెండో బండి కొనేదాకా నేర్చుకున్నవే ఇక్కడ రాస్తున్నా.

కిలోమీటర్లు కాదు, ఊళ్లు అడగండి

స్ప్లెండర్ లాంటి బండి కొనేటప్పుడు ‘ఎంత తిరిగింది’ అని అడిగితే చాలావరకు సరిపోతుంది. అడ్వెంచర్ బండికి ఆ ప్రశ్న సగమే. ఎక్కడ తిరిగింది అన్నదే అసలు సంగతి. హైదరాబాద్ నుంచి శ్రీశైలం, అరకు అంటూ తారు రోడ్ల మీద ముప్పై వేల కిలోమీటర్లు తిరిగిన బండి, ఎనిమిది వేలే తిరిగి అందులో ఒక స్పితి, ఒక లద్దాఖ్, వాగులూ రాళ్లూ చూసిన బండి కంటే ఎన్నోసార్లు బాగుంటుంది. హైవేలో ఒకే స్పీడ్‌లో సాగే ఇంజిన్‌కి పెద్ద కష్టం ఉండదు. రాళ్ల దారిలో రెండో గేర్‌లో, సగం క్లచ్‌తో నడిచిన బండికి ప్రతి కిలోమీటరూ లెక్కే.

అందుకే కబుర్లలో పెట్టండి. ‘ఏయే ట్రిప్పులు వేశారన్నా?’ అని అడగండి. నిజంగా తిరిగినవాడు ఆపకుండా చెప్తాడు, ఫొటోలు కూడా చూపిస్తాడు. ఆ ఫొటోల్లో బండి మోకాలి లోతు నీళ్లలో ఉందా, వెనక ఎంత లగేజీ కట్టారు అన్నది మీరు మౌనంగా గమనించుకోండి.

మీటర్ మీద అనుమానం ఉంటే టైరు చూడండి. టైరు పక్కన చిన్న గీతల మధ్య నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారైన టైరు. 2022 బండికి 2024 టైర్లు వేసి ఉండి, మీటర్‌లో ఆరు వేలే కనిపిస్తుంటే, మొదటి టైర్లు అంత తొందరగా ఎలా అరిగాయో అడగాల్సిందే. ఫుట్ పెగ్ రబ్బరూ, హ్యాండిల్ గ్రిప్పులూ కూడా మీటర్ కంటే నిజాయితీగా మాట్లాడతాయి.

ఏ మోడల్ ఏ సంవత్సరం అన్నది కూడా ముందే తెలుసుకుని వెళ్లండి. 411 సీసీ హిమాలయన్ 2016లో కార్బ్యురేటర్‌తో వచ్చింది. 2017లో ఫ్యూయల్ ఇంజెక్షన్, 2018లో ఏబీఎస్, 2020లో బీఎస్6తో పాటు వెనక చక్రానికి ఏబీఎస్ ఆపుకునే స్విచ్ వచ్చాయి. 2023 చివర్లో 452 సీసీ కొత్త బండి రావడంతో పాతది ఆగిపోయింది. కాబట్టి ‘2017 మోడల్, ఏబీఎస్ ఉంది బ్రో’ అని ఎవరైనా అంటే నవ్వి ఫోన్ పెట్టెయ్యొచ్చు. బరువు తక్కువ కావాలంటే 2019లో వచ్చిన హీరో ఎక్స్‌పల్స్ 200, స్పీడ్ కావాలంటే 2020లో వచ్చిన కేటీఎం 390 అడ్వెంచర్ ఉన్నాయి. చూసే పద్ధతి మూడింటికీ ఇంచుమించు ఒకటే.

చల్లటి ఇంజిన్ నిజం చెప్తుంది

ముందు రోజే చెప్పండి: ‘నేను వచ్చేదాకా స్టార్ట్ చెయ్యకండి’ అని. వేడెక్కిన ఇంజిన్ తన రోగాలన్నీ దాచేస్తుంది. చల్లగా ఉన్నప్పుడు ఒకటి రెండు సెల్ఫ్‌లకి అందుకోవాలి. గాలితో చల్లబడే సింగిల్ సిలిండర్ ఇంజిన్‌లో కొంచెం టిక్ టిక్ మామూలే, దానికి భయపడొద్దు. కానీ లోపల బోల్టులు డబ్బాలో వేసి ఊపినట్టు గలగల వస్తే వేరే కథ. చలికాలం పొద్దున్నే కాసేపు తెల్లటి ఆవిరి వస్తే ఏం కాదు. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఇంజిన్ ఆయిల్ తాగుతోందని.

హిమాలయన్‌కి ఆయిల్ చూసుకునే చిన్న అద్దం కిటికీ ఉంటుంది. బండిని నిటారుగా పట్టుకుని చూడండి. నల్లగా ఉంటే పాత ఆయిల్, మార్చుకోవచ్చు. పాలు పోసిన కాఫీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు వెళ్లాయి. అక్కడితో థాంక్స్ చెప్పి బయల్దేరండి.

తాళం తిప్పగానే మీటర్‌లో ఇంజిన్ లైటూ, ఏబీఎస్ లైటూ వెలగాలి. స్టార్ట్ చేశాక ఇంజిన్ లైటు, బండి కదిలి కొంచెం స్పీడ్ అందుకున్నాక ఏబీఎస్ లైటు ఆరిపోవాలి. ఆరకపోతే సమస్య ఉందని అందరికీ తెలుసు. అసలు వెలగకపోయినా సమస్యే అని నాకు మాత్రం అన్న చెప్పేదాకా తెలీదు. కొందరు లైటునే పని చెయ్యకుండా చేసి అమ్మేస్తారట!

ముందు భాగం దగ్గర టైమ్ తీసుకోండి

గుంతలో పడినా, రాయి ఎక్కినా మొదటి దెబ్బ ముందు చక్రానిదే. అక్కణ్నుంచి ఫోర్కులకి, ఫోర్కుల నుంచి మన మెకానిక్‌లు కోన్‌సెట్ అనే స్టీరింగ్ బేరింగ్‌కి, చివరికి ఛాసిస్‌కి వెళ్తుంది. సగం టైమ్ ఇక్కడే పెట్టండి.

సెంటర్ స్టాండ్ వేసి, ఒకరు వెనక కూర్చుంటే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. హ్యాండిల్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి వేలితో తోసినట్టు తిప్పండి. వెన్నలా తిరగాలి. మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగితే కోన్‌సెట్ పోయినట్టే. తర్వాత ఫోర్కుల కింది భాగం రెండు చేతులతో పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపండి, లొడలొడ రాకూడదు. కోన్‌సెట్ ఒక్కటే పోతే భయం లేదు, మార్చుకోవచ్చు, బేరానికి మంచి పాయింట్ కూడా. కోన్‌సెట్‌తో పాటు హ్యాండిల్ కాడ దగ్గర వెల్డింగో కొత్త పెయింటో కనిపిస్తేనే వదిలెయ్యాలి. ఫోన్ టార్చ్ వేసి ట్యాంక్ కింద చూడండి, సిగ్గుపడకండి. ఛాసిస్ నంబర్ కూడా సాధారణంగా అక్కడే చెక్కి ఉంటుంది. ఆర్‌సీతో అంకె అంకె సరిచూసుకోండి.

ఫోర్కు గొట్టాల మీద వేలితో తుడవండి. ఆయిల్ జిడ్డు అంటితే సీల్స్ పోయాయి, అది చిన్న ఖర్చే. స్పోకు చక్రం అయితే చిన్న స్పానర్‌తో ఒక్కో స్పోకునీ తట్టుకుంటూ పొండి. అన్నీ ‘టింగ్’ అంటుంటే మధ్యలో ఒకటి ‘టప్’ అంటే అది వదులైంది. రిమ్ము పక్కన పెన్ను కదలకుండా పట్టుకుని చక్రం తిప్పితే వంకర ఇట్టే తెలుస్తుంది. అల్లాయ్ చక్రాలైతే అంచులు చేత్తో తడిమి చూడండి. వంగినదాన్ని సుత్తితో సరిచేసిన గుర్తులు కంటికంటే వేలికి ముందు తగులుతాయి.

గీతలు చూసి మాత్రం బెదిరిపోవద్దు. దాదాపు 200 కిలోల బండి మట్టిలో పడకుండా ఉండదు. క్లచ్ లీవర్ చివర అరిగి, క్రాష్ గార్డ్ మీద రెండు గాట్లు ఉంటే అవి నిలబడ్డ చోట పడ్డవి. గార్డ్ నుంచి ఫుట్ పెగ్, సైలెన్సర్ దాకా ఒకే దిక్కున పొడుగ్గా చారలు ఉంటే రోడ్డు మీద ఈడ్చుకుపోయిందని అర్థం. ఇంజిన్ కింద ప్లేట్ సొట్టపడితే దాని పని అది చేసింది. ఆ ప్లేట్ వెనక ఉన్న ఛాసిస్ గొట్టాలు సొట్టపడ్డాయా అన్నది చూసుకోవాలి.

వెనక భాగం త్వరగా తేలిపోతుంది. బరువైన పెట్టెలు మోసిన బండికి, లగేజీ రాక్ బిగించే చోట వెల్డింగులు చిట్లాయేమో చూడండి. వెనక చక్రాన్ని పక్కలకి ఊపండి, ఆడకూడదు. స్ప్రాకెట్ పళ్లు సొరచేప రెక్కల్లా వంగిపోయి ఉంటే చైన్‌సెట్ ఖర్చు బేరంలో తగ్గించుకోండి. సీటు తీసి వైరింగ్ చూడండి. ఫాగ్ లైట్ల కోసం మధ్యలో కోసి టేపు చుట్టిన జాయింట్లు నాలుగైదు కనిపిస్తే తర్వాత ఏ అర్ధరాత్రో ఏ నల్లమలలోనో ఆ టేపు గురించి ఆలోచిస్తారు. అన్నట్టు, ‘నలభై వేల యాక్సెసరీస్ ఉన్నాయి’ అనే మాటకి రేటు పెంచొద్దు. అవి ఆయన సరదాకి పెట్టుకున్నవి.

నడిపేటప్పుడు ఖాళీ రోడ్డు మీద ఒకసారి హ్యాండిల్ మీద పట్టు సడలించి చూడండి, చేతులు పూర్తిగా తీసెయ్యక్కర్లేదు. బండి ఒక పక్కకి లాగుతుంటే అమ్మేవాడు ‘టైర్‌లో గాలి తక్కువుంది’ అంటాడు. సరే అని గాలి కొట్టించి మళ్లీ చూడండి.

కాగితాలు... నేను రెండువైపులా తిన్న దెబ్బ

ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబర్ కొడితే ఇన్సూరెన్స్, పొల్యూషన్ గడువులు, బండి మీద లోన్ ఉందా లేదా తెలుస్తాయి. లోన్ తీరిపోయింది అని నోటిమాట చెప్తే కుదరదు. బ్యాంక్ ఎన్‌వోసీ, ఫారమ్ 35 చేతిలో ఉండాలి. పేరు మార్పిడికి ఫారమ్ 29, 30. బెంగళూరు బండి చవగ్గా వస్తోందని ఎగబడితే అక్కడి ఆర్టీవో నుంచి ఫారమ్ 28 ఎన్‌వోసీ తెచ్చుకోవాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ లెక్క వేశాక చవక ఎంత మిగిలిందో చూసుకోండి. పెండింగ్ చలానాలు డబ్బు ఇచ్చేముందే కట్టించండి. ఇన్సూరెన్స్ పేరు మార్పుకి 14 రోజుల్లోపు కంపెనీకి అప్లై చెయ్యాలి. నో క్లెయిమ్ బోనస్ మాత్రం పాత ఓనర్‌దే, మీకు రాదు.

ఇవన్నీ ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, కాలేజీ రోజుల బండిని నేను మూడేళ్ల కింద ఒక కుర్రాడికి అమ్మి, సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు చేతిలో పెట్టి వచ్చేశా. ‘వారంలో మార్పించుకుంటా అన్నా’ అన్నాడు. ఇప్పటికీ అది నా పేరు మీదే ఉంది. హెల్మెట్ లేదని చలానా నా ఫోన్‌కే వస్తుంది. చలానాతో పోతే నవ్వుకోవచ్చు. చాలా చేతులు మారిన ఒక కారు యాక్సిడెంట్ కేసులో సుప్రీంకోర్టు 2018లో చెప్పింది ఏంటంటే, రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఉంటే చట్టం దృష్టిలో ఓనర్ అతనే, పరిహారం బాధ్యతా అతనిదే. ఆ తీర్పు గురించి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రెండో బండి నవంబర్‌లో దొరికింది. అదీ హిమాలయనే, 2021 మోడల్. బురద కూడా కడగలేదు, కింది ప్లేట్ సొట్ట, ఎడమ అద్దం పగిలింది. ఇంజిన్ మాత్రం మంచులా చల్లగా ఉంది. సర్వీస్ బిల్లులన్నీ ఒక ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి ఇచ్చాడు ఆయన. కోన్‌సెట్ కొంచెం పట్టేస్తోందని అడక్కుండానే చెప్పి నాలుగు వేలు తగ్గించాడు. డబ్బు ఇచ్చే రోజే ఇద్దరం కలిసి ఆర్టీవో ఆఫీసుకి వెళ్లాం.

పోయిన వారం కొత్త ఆర్‌సీ కార్డు నా పేరు మీద వచ్చింది. అదే రోజు సాయంత్రం పాత బండి మీద ఇంకో చలానా, ఈసారి ట్రిపుల్ రైడింగ్. ఆ కుర్రాడి నంబర్ స్విచ్ఛాఫ్. సోమవారం సగం రోజు లీవ్ పెట్టి, అమ్మిన రోజు తీసుకున్న యూపీఐ స్క్రీన్‌షాట్ ప్రింట్ పట్టుకుని ఆర్టీవో ఆఫీసుకి వెళ్తున్నా.