అవ్వ ముఖం ఎందుకు గడులు గడులైంది?

పోయిన ఉగాదికి మన డిపార్ట్‌మెంట్ వాళ్లం వేసిన కోలాటం గుర్తుంది కదా? మొదటి పాట ఎత్తుకున్నది మా అవ్వ. వేమగల్ నుంచి నాతోపాటు బస్సులో వచ్చి, స్టేజీ మెట్ల దగ్గర చెప్పులు విడిచి, మైకు వద్దని చెప్పి పాడింది. ఆ వీడియోని మా అన్న ఇంట్లో కంప్యూటర్‌కి ఎక్కించి, సైజు తగ్గించి, మెమరీ కార్డు ఖాళీ కావాలని ఒరిజినల్ చెరిపేశాడు. ఇప్పుడు పెట్టి చూస్తే, కోలలు జోరుగా తిరిగినప్పుడల్లా వెనక వరసలో ముఖాలన్నీ గడులు గడులుగా విరిగిపోతాయి. అవ్వ ముఖం కూడా అంతే. మోకాళ్ల నొప్పులతో అవ్వ ఇప్పుడు గడప దాటడమే కష్టం, ఇంక స్టేజీ ఎక్కేది లేదు. అందుకే తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోవాలని కూర్చున్నాను. నాది కంప్యూటర్ సైన్స్ కాదు, కాబట్టి నాకు అర్థమైన మాటల్లోనే రాస్తున్నాను.

ముందు లెక్క చూడండి. ఫుల్ హెచ్‌డీ బొమ్మ ఒక్కదాంట్లో 1920 × 1080, అంటే 20,73,600 చుక్కలు. చుక్కకి 3 బైట్లు, సెకనుకి 30 బొమ్మలు అనుకుంటే సెకనుకి దాదాపు 186 ఎంబీ. గంట కార్యక్రమం 670 జీబీ దాటుతుంది. అదే వీడియోని సెకనుకి 6 మెగాబిట్ల లెక్కన కుదిస్తే గంటకి 2.7 జీబీ చాలు. అంటే సుమారు 250 వంతుల్లో 249 వంతులు పారేసి, చూసేవాళ్లకి ఏమీ పోలేదని అనిపించాలి. కొంత కుదింపు కెమెరాలోనే అయిపోతుంది, మిగతాది ఇంట్లో కంప్యూటర్ చేస్తుంది. ఈ పని చేసేదాన్నే ఎన్‌కోడర్ అంటారు.

అదెలా చేస్తుందో నాకు ముగ్గుతో పోల్చుకుంటేనే తెలిసింది. సోమవారం ముగ్గు మొత్తం గీసి చూపించారు. ఇది ఐ బొమ్మ. మంగళవారం ముగ్గు మళ్లీ గీయకుండా ‘నిన్నటిదే, కుడి మూల పద్మం రెండు చుక్కలు జరిగింది’ అని రాసిస్తే సరిపోతుంది. ఇది పి బొమ్మ, వెనక్కి మాత్రమే చూస్తుంది. ఇంకోటి ఉంది, బి బొమ్మ. సోమవారం ముగ్గు, బుధవారం ముగ్గు రెండూ ముందే చేతిలో ఉంటే, మంగళవారం ముగ్గు గురించి చెప్పాల్సింది ఇంకా తగ్గిపోతుంది. రేపటిది ముందే ఎలా తెలుస్తుంది అంటారా? ఎన్‌కోడర్ కాసేపు ఆగి, తర్వాత వచ్చే బొమ్మని ముందు రాసేసుకుని, అప్పుడు మధ్యదానికి వస్తుంది. అంతే.

కోలాటంలో ఈ బి బొమ్మ విలువ బాగా తెలుస్తుంది. ముందు వరస అమ్మాయి అవ్వకి అడ్డం వచ్చి పక్కకి జరిగింది అనుకోండి. కిందటి బొమ్మలో అవ్వ ముఖం లేదు, కాబట్టి పి బొమ్మ దాన్ని కొత్తగా రాయాలి. బిట్లు చాలకపోతే గడులు పడతాయి. తర్వాతి బొమ్మలో ముఖం పూర్తిగా కనిపిస్తుంది, కాబట్టి బి బొమ్మ అక్కడి నుంచి తెచ్చుకుంటుంది.

ఇక కార్డుల సంగతి. ఎన్విడియా వాళ్లు 2012 నుంచి తమ గ్రాఫిక్స్ కార్డుల్లో ఎన్‌వెంక్ అని ఒక చిన్న భాగం పెడుతున్నారు. గేమ్ ఆడించే భాగం వేరు, ఇది వేరు. దీనికి వీడియో కుదించడం తప్ప ఇంకో పని రాదు, అందుకే అంత త్వరగా చేస్తుంది. ప్రాసెసర్‌తో నిదానంగా చేయిస్తే సాధారణంగా ఇంతకంటే బాగా వస్తుంది, కానీ గంట వీడియోకి రాత్రంతా పెట్టాలి. మా ఊళ్లో కరెంటు అంతసేపు మాట మీద నిలబడదు.

మా ఇంట్లో ఉన్నది 2016 నాటి జీటీఎక్స్ 1060, పాస్కల్ తరం. దాని ఎన్‌వెంక్ పాత హెచ్.264 పద్ధతిలో బి బొమ్మలు వేయగలదు. కొత్త హెచ్‌ఈవీసీ పద్ధతిలో మాత్రం వేయలేదు. ఫైలు చిన్నగా వస్తుందని మా అన్న ఎంచుకున్నది సరిగ్గా ఆ హెచ్‌ఈవీసీనే, బిట్లూ బాగా తగ్గించేశాడు. 2018లో వచ్చిన ట్యూరింగ్ తరంలో హెచ్‌ఈవీసీకి కూడా బి బొమ్మలు వచ్చాయి. పాస్కల్‌తో పోలిస్తే అదే నాణ్యతకి హెచ్‌ఈవీసీలో 25 శాతం దాకా, హెచ్.264లో 15 శాతం దాకా బిట్లు మిగులుతాయని ఎన్విడియా చెప్పింది. ‘దాకా’ అన్న మాట మర్చిపోకండి, అమ్మేవాళ్ల లెక్క అది. ఇంకో విచిత్రం, పాస్కల్‌లో పెద్ద కార్డులైన 1070, 1080లలో ఎన్‌వెంక్‌లు రెండేసి ఉండేవి, ట్యూరింగ్‌లో ఒక్కటే. సంఖ్య తగ్గి పనితనం పెరిగింది.

కోలార్‌లో మా మామ ఇంట్లో ఆర్‌టీఎక్స్ 2060 ఉంది, ట్యూరింగ్ తరమే. ఊరి జాతర వీడియో ఒరిజినల్ నా దగ్గర ఉంటే, ఒక్క నిమిషం ముక్క తీసి రెండు కార్డుల మీదా హెచ్‌ఈవీసీలో, 4 మెగాబిట్లకే పెట్టాను. ఫైళ్లు రెండూ 30 ఎంబీ దగ్గరే వచ్చాయి. గుడి గోపురం కదలకుండా ఉన్న చోట నాకు తేడా ఏమీ తెలియలేదు. డప్పుల వాళ్లు ఎగిరే చోట, చీర అంచుల దగ్గర, దుమ్ము లేచిన చోట 1060 చేసింది పేడతో అలికినట్టు ఉంది. 2060 చేసిన దాంట్లో అంచులు నిలబడ్డాయి. మొదటిసారి తేడా రాలేదు, ఎందుకంటే సాఫ్ట్‌వేర్‌లో బి బొమ్మల సంఖ్య సున్నా అని ఉంది. దాన్ని మనమే మార్చాలి.

ఇదంతా విని మా అన్న టమాటా డబ్బుల్లోంచి కొంత తీసి కార్డు కొనడానికి అంగడికి పోయాడు. అంగడాయన జీటీఎక్స్ 1650 చూపించి, ఇదీ ట్యూరింగే అన్నాడు. అబద్ధం కాదు. కానీ 2019 ఏప్రిల్‌లో వచ్చిన 1650లో ఉన్న టీయూ117 చిప్‌కి ఎన్‌వెంక్ మాత్రం ముందు తరం వోల్టాది, హెచ్‌ఈవీసీ బి బొమ్మలు రావు. అదే ఏడాది నవంబర్‌లో వచ్చిన 1650 సూపర్‌లో టీయూ116 చిప్, అందులో ట్యూరింగ్ ఎన్‌వెంక్. పేరులో ఒక్క మాట తేడా. తర్వాత కొన్ని 1650లకి టీయూ106 చిప్ కూడా వేశారు, కాబట్టి డబ్బా మీది పేరు చాలదు. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ తెరిస్తే చిప్ పేరు కనిపిస్తుంది. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు డబ్బు ఇవ్వకముందే అది తెరిపించి చూడండి.

అన్న సూపర్ కోసం ఇంకా వెతుకుతున్నాడు. పాత కోలాటం వీడియోని ఆ కార్డు కూడా బాగు చేయలేదు, పారేసిన బిట్లు తిరిగి రావు. ఆ రోజు ఎవరైనా ఫోన్‌లో తీసి ఉంటే, వణికిన వీడియో అయినా పర్వాలేదు, ఒరిజినల్ చెరపకుండా నాకు ఇవ్వండి. సెకండ్ ఇయర్, కిటికీ పక్క మూడో బెంచీ.