కొండ ఎక్కేటప్పుడు గుండె చెప్పే మాట

హైదరాబాదుకు సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న భువనగిరి కోట గుట్ట దాదాపు 500 అడుగుల ఎత్తున్న ఒకే పెద్ద బండ. 2014లో 13 ఏళ్లకే ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ కొండలెక్కడం నేర్చుకున్నది ఇక్కడే. మెట్ల దారి మాత్రం సామాన్యులూ ఎక్కదగినదే. పైకి చేరితే చల్లని గాలి, కింద ఊరు, చుట్టూ పొలాలు కనువిందు చేస్తాయి.

గత చలికాలంలో మా ఆసుపత్రి సిబ్బంది కొందరం ఈ గుట్ట ఎక్కాము. సగం దారిలో మాలో ఒకరు ఛాతీ పట్టేసినట్లుందని కూర్చున్నారు. కాసేపటికి తగ్గింది. "గ్యాసే, పైదాకా పోదాం పదండి" అన్నారు. మేము ఒప్పుకోలేదు. మెల్లగా కిందికి దించి, ఆ రోజే పరీక్షలు చేయించాము. గుండె రక్తనాళంలో పూడిక బయటపడింది.

చదును నేలపై తెలియని గుండె జబ్బు ఎత్తు ఎక్కేటప్పుడు బయటపడవచ్చు. శ్రమతో వచ్చి, విశ్రాంతితో తగ్గే ఛాతీ నొప్పిని అశ్రద్ధ చేయకండి. అది దవడకు, ఎడమ చేతికి పాకవచ్చు.

గుర్తుంచుకోవలసినవి:

• మాట్లాడుతూ ఎక్కగలిగినంత వేగమే చాలు.
• బి.పి., షుగరు, గుండె జబ్బు ఉన్నవారు ముందుగా డాక్టరును అడగాలి.
• షుగరు మందులు వాడేవారు గ్లూకోజు వెంట ఉంచుకోవాలి.
• దిగేటప్పుడు మోకాళ్లపై భారం ఎక్కువ. చిన్న అడుగులు వేయండి.
• కూర్చున్నా నొప్పి కొన్ని నిమిషాల్లో తగ్గకపోతే వెంటనే 108కి ఫోను చేయండి.

గుట్ట ఎక్కడికీ పోదు. గుండె కుదుటపడ్డాక డాక్టరు సలహాతో మళ్లీ ఎక్కవచ్చు.